రేపటి రక్తపరీక్షకు నేనూ వస్తాను

ఏమండీ,

చందాపుర బస్సు వచ్చే వేళైంది, స్కూలుకు బయలుదేరుతున్నాను. మీరు షిఫ్టు నుంచి వచ్చేసరికి చారు పొయ్యి మీదే ఉంటుంది, వేడి చేసుకోండి. నాలుగింటికి కుళాయిలో కావేరి నీళ్లొస్తాయి, డ్రమ్ములు నింపి పెట్టండి. మన జెస్సీని ట్యూషన్ నుంచి మీరే తీసుకురండి.

ఇంకొక మాట. పోయిన వారం మీరు చేయించుకున్న రక్తపరీక్ష రిపోర్టు ఆదివారం నా కంటబడింది. టెస్టోస్టిరాన్ తక్కువగా ఉందట. ఇంజెక్షన్ల సంగతి ఆలోచించే ముందు పొద్దున్నే ఇంకోసారి రక్తం ఇమ్మని డాక్టరు రాశారు. ఆరు నెలలుగా మీరు "నిద్ర వస్తా ఉండాదే" అని గోడవైపు తిరిగితే, నా మీద మోజు తీరిపోయిందనుకున్నాను. జుట్టుకు రంగేసుకున్నది అందుకే. మీరు చూడనైనా లేదు.

ఆ సూదులు వేయించుకోవాలో వద్దో నాకు తెలియదు. మీకున్న బీపీకి అవి పడతాయో లేదో డాక్టర్నే అడుగుదాం. రేపు సెలవు పెట్టాను. పరగడుపున వెళ్దాం, కాఫీ కూడా తాగొద్దు. సూది వేయించుకున్నా మానుకున్నా సరే, ఇవాళ్టి నుంచి ఇటువైపు తిరిగి పడుకోండి. నాకు అంతే చాలు.

వరూధిని

తా.క. ఎవరూ తెరవరనే కదా ఆ రిపోర్టును మన పెళ్లి ఆల్బమ్‌లో దాచారు? ప్రతి ఆదివారం మీరు కూరగాయలకు వెళ్లగానే నేను తెరిచేది దాన్నే.