మీ అన్న కట్టిన ధర చీటీ

మరిది లోయెల్‌కి వదిన రాసేది. నీ మోకాలు ఎలా ఉంది? వెర్నాకి దగ్గు తగ్గిందా? ముసలి గుర్రం మేత తింటోందా? నేను బాగానే ఉన్నాను, నిద్రే పట్టడం లేదు.

మీ అన్న పోయాక మొదటిసారి, మొన్న తుపాకుల సంతలో ఆయన బల్ల దగ్గర నేను కూర్చున్నాను. మీ నాన్న వేట తుపాకీకి ఆయన ఇరవై ఏళ్లుగా కట్టిన చీటీ నీకు తెలుసుగా, ఆరువేల డాలర్లు. అంత చెబితే ఎవడు కొంటాడని ఎప్పుడూ సాధించేదాన్ని. ఆ చీటీ తీసేసి రెండువేలని రాశాను. కాఫీ చల్లారకముందే ఒకాయన పట్టుకుపోయాడు.

పక్క బల్ల క్లీట్ తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశావమ్మా! ఎవరూ కొనకూడదనే కదా ఆరిన్ ఆ ధర పెట్టింది! నువ్వేమో అమ్మమని పోరు. అమ్మకానికే పెట్టానని నీకు చూపించాలిగా. ఇక్కడ సగం మంది మొగుళ్లు అంతే! అది తమ్ముడికే అనేవాడు."

మీ అన్న నాకు ఒక్క ముక్క చెప్పలేదు నాయనా. తిట్టు, పడతాను. కొన్నాయనకి ఫోన్ చేశాను. ఇస్తాననలేదు, కాదనీ అనలేదు. తమ్ముణ్ణే వచ్చి అడగమన్నాడు. డబ్బు కవరులో అలాగే ఉంది. ఇద్దరం కలిసి వెళ్దాం. ఆయన రమ్మన్నది మార్చి పద్నాలుగు, శనివారం, పొద్దున తొమ్మిదికి.