మూడో నీటిగుంట దాటాక

మార్లీన్ అక్కకు,

ఈ ఉత్తరాల కాగితం మీద అచ్చయింది అమ్మమ్మ వేసిన బొమ్మే, మన పూర్వీకులు నీటిగుంటల మీదుగా నడిచిన దారి. ఆవిడ పోయాక మన ఆచారం ప్రకారం దాచిపెట్టిన ఈ కాగితాలను పెద్దవాళ్లు ఈ నెలలోనే మళ్లీ బయటికి తీయనిచ్చారు.

నిన్న మా లెటీషా బొమ్మలో మూడో నీటిగుంట మీద వేలు పెట్టి, "అమ్మా, ఇక్కణ్ణుంచి ఈ అడుగులు ఎటు పోయాయి?" అంది. నాకు తెలియదు. "రావే, నడుస్తూ చెప్తాను" అని అమ్మమ్మ పిలిచిన రోజు నేను ఫుట్‌బాల్ చూడటానికి పోయాను. నువ్వొక్కదానివే ఆవిడ వెంట వెళ్లావు.

ఇక డయాలసిస్ వద్దని, ఇంటికి వచ్చేస్తానని అన్నావట. ఆలిస్‌స్ప్రింగ్స్ ఆసుపత్రి నర్సు ఫోన్‌లో చెప్పింది. మానొద్దని నేను బతిమాలను. శుక్రవారం బండి తీసుకుని వస్తాం. దారిలో ఆ గుంట దగ్గర ఆగుదాం. దిగలేకపోతే బండిలోంచే పిల్లకు చూపించి చెప్పు. నేను మాట్లాడకుండా వెనక కూర్చుని వింటాను.

నీ చెల్లెలు