పావు తోడేలు

అన్నయ్యకు నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ మీ బావా, పిల్లలూ, నేనూ కులాసా. నువ్వెలా ఉన్నావని అడగడానికే నాకు మొహం చెల్లడం లేదు. సన్నబడ్డానా అని వదిన అడిగింది. లేదు, కుర్చీలో కూర్చుని కూర్చుని బస్తాలా తయారయ్యాను.

ఇక నీ ప్రశ్న. “తోడేళ్ళు పెరిగుండాలని గీత గీసిన దద్దమ్మ ఎవడే? అది చూపించేగా నన్ను ఫారెస్టు గార్డు ఉద్యోగంలోంచి సస్పెండ్ చేశారు!” అని రాశావు.

ఆ లెక్క ఇలా ఉంటుంది. జింకలు పెరిగితే తోడేళ్ళకు తిండి దొరికి అవీ పెరుగుతాయి. అవి మరీ ఎక్కువైతే జింకలు తరిగిపోయి, తోడేళ్ళు ఆకలికి చస్తాయి. అప్పుడు జింకలు కోలుకుంటాయి, వాటి వెనకే తోడేళ్ళూ. కంప్యూటర్లో ఆ గీత కిందికి పడీ పడీ, నీ అడవి మొత్తానికి పావు తోడేలు మిగిలింది. నవ్వకు. ఆ సమీకరణంలో ఏ జంతువూ పూర్తిగా సున్నా కాదు. ఆ పావు తోడేలే పిల్లల్ని పెట్టి మందయి కూర్చుంది! అక్కడేమో చివరిది ఎముకల గూడై చచ్చిందని నువ్వు మొత్తుకుంటున్నావు. గీత ప్రకారం ఉండాల్సినవి లేవు గనుక, నువ్వు వేటగాళ్ళతో కుమ్మక్కయ్యావని తేల్చేశారు.

ఆ దద్దమ్మను నేనే అన్నయ్యా. నువ్వు కాపలా కాసే అడవి కదా అని కోరి తీసుకున్న పని. పేరొచ్చాక చెప్పి నిన్ను మురిపిద్దామనుకున్నాను. ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

నిన్న మా పరిశోధన సంస్థలో పెద్దసారుకు తప్పు చూపించాను.

“భలే పట్టుకున్నావమ్మా! దీని మీద ఇంకో వ్యాసం రాసేద్దాం.”

“మరి ఆ గార్డు సంగతి సార్?”

“అది మన శాఖ కాదుగా.”

“ఆయన మా అన్నయ్యండీ.”

ఆయన లేచి తలుపు వేశారు. “ఆ మాట ఇంకెక్కడా అనకు తల్లీ. అన్న కోసం లెక్క మార్చిందంటారు. ఇద్దరూ మునుగుతారు.”

ఒళ్ళు మండింది. కానీ ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

సోమవారం నీ విచారణలో లెక్క తప్పని చెప్పడానికి నేనే వస్తున్నాను. పెళ్ళితో ఇంటిపేరు మారింది గనుక ఎవరూ పసిగట్టలేరు. నీకు అబద్ధాలు గిట్టవని తెలుసు. నిజం చెప్పి ఏం బావుకున్నావో చూశావుగా! నన్ను చూసి లేవకు. తిన్నావా అని అడగకు. వదినను తీసుకురాకు, ఆవిడ నన్ను చూస్తే ఏడుపు ఆపుకోలేదు. నేనెవరని అడిగితే తెలియదని చెప్పు. నేనూ అదే చెబుతాను.

ఇట్లు,
నీ చెల్లెలు