బ్లోయరు ఆపిన పాపం

శుక్రవారం

ఆడికృత్తిక పండక్కి కావడి మోసేవాళ్లు మా మురుగునీటి ప్లాంటు పక్కగానే తిరుత్తణి కొండకు నడుస్తారు. "మూడు దినాలు కంపు రాకుండా చూడప్పా" అని ఎదురింటి సరోజక్క బతిమాలితే, ట్యాంకులోకి గాలి తోసి మురుగును కలియబెట్టే బ్లోయరు మొన్న ఆపేశాను. నిన్న నిజంగానే వాసన తగ్గింది.

ఈరోజు నీళ్లు నల్లబడ్డాయి. మురుగును తినే సూక్ష్మజీవులు గాలి లేక చచ్చాయి. ఇన్నేళ్ల ఆపరేటర్ని, ఇలా అవుతుందని తెలియదా నాకు? బ్లోయరు వేస్తే అడుగున ఉన్న కుళ్లంతా ఒక్కసారిగా లేస్తుంది. వేయకపోయినా రేపటికి దానంతటదే లేస్తుంది. ఏం చేయను దేవుడా...

సాయంత్రం అక్కకు చెప్పేద్దామని వెళ్లాను. అన్నదానం పందిరిని మా ప్లాంటు గోడకు ఆనించి కట్టిస్తోంది.

"నీ పుణ్యమాని కంపే లేదు గదా, ఈడ నీడ బాగుండాది. రేపు మొదటి ఆకుకు నువ్వే వడ్డించాల" అంది.

తలూపి వచ్చేశాను.