చున్నీ జారిందని ఆపిన ప్రార్థన

ఆదివారం రాత్రి

పొద్దటి సంది కోపం దిగుతలేదు. రేపు మా అమ్మకు ఆపరేషన్. అందుకే మేడ్చల్ చర్చిల నా బిడ్డ కీర్తన మైకు తీసుకొని వాళ్ల అవ్వ కోసం ప్రార్థన మొదలువెట్టింది. ఏడుపుల నెత్తి మీది చున్నీ జారింది. వెంటనే సంఘపెద్ద లేచి దాని చేతిలకెళ్లి మైకు గుంజుకున్నడు.

"ముసుగు లేని ప్రార్థన దేవుడు ఇనడమ్మా, కూసో" అన్నడు. అందరి ముందట!

ఆరాధన అయినంక నేనే పోయి అడిగిన. "అన్నా, గది ఎప్పటి రివాజు?"

"ఆడోళ్లు ముసుగేసుకొనే ప్రార్థన జెయ్యాలెనని బైబిల్ల పౌలు రాసిండు కద చెల్లే. వాక్యం మారుతదా?"

"పవిత్రమైన ముద్దు పెట్టుకొని పలకరించుకోమని గూడ పౌలే రాసిండు. మనం వందనాలతోనే ఎందుకు సరిపెడుతున్నం?"

"గది గా కాలం పద్ధతమ్మా."

"మరి ముసుగు?"

ఆయన బండెక్కి పోయిండు.

నేను రోజూ చెంగు కప్పుకునే ప్రార్థన జేస్త. అది నా ఇష్టం. కానీ ఏడుస్తున్న పిల్ల నోరు మూయించుమని ఏ వాక్యంల ఉన్నది? అసలు గా వాక్యంలనే ఆడోళ్లు ప్రార్థన జేస్తరని ఉన్నది కద...

సాయంత్రం దవాఖానల అమ్మ కీర్తనను అడిగింది. "నా కోసం ప్రార్థన జేసినవా బిడ్డా?"

"సగమే జేసిన అవ్వా" అన్నది కీర్తన.

"మిగిలింది ఇక్కడ జెయ్యి" అని అమ్మ కండ్లు మూసుకున్నది.

పిల్ల నెత్తి మీద చున్నీ సర్దుకుంటనే ఉన్నది, ప్రార్థన మొదలువెట్టలే. ఆఖరికి అమ్మనే దాని చెయ్యి పట్టుకొని దాని కోసం ప్రార్థన జేసింది.

రేపు కోత పడేది అమ్మకు, అయినా ఆమెనే పిల్ల కోసం ప్రార్థన జెయ్యవలసి వచ్చింది. గా సంఘపెద్దను నేనెట్ల మాఫ్ చెయ్యాలె...