కేకు దిగేలోపు

చిరంజీవి షారోన్‌కి, అల్లుడు దయానిధికి ప్రభువు పేరట అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. నిజంగానే క్షేమం తల్లీ. ఎవరికీ జ్వరం లేదు, ఎవరూ ఎవరి మీదా అరవడం లేదు. మీ నాన్న గొంతు పెంచి నెల దాటింది. నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ మన ఇంట్లో ఇంత నెమ్మది నేనెరగను. అదే నాకు భయంగా ఉంది.

నీ ఉత్తరం పోయిన వారం జానీబీ చేతికి అందింది. బేకరీ అడ్రసుకి రాసి మంచి పని చేశావు. నేనిది రాస్తున్నది కూడా పర్చూరు బేకరీ వెనక గదిలోనే. ఏటా క్రిస్మస్ ముందు చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళం పిండి కలుపుకుని డబ్బాల్లో తెస్తే, జానీబీ మొగుడు మొహిద్దీన్ బాషా తన పొయ్యిలో కాల్చి ఇస్తాడు కదా, ఆ వంకతోనే ఇల్లు కదలగలిగాను. నా డబ్బా లోపలుంది. మీ అన్న బెన్నీ బయట బండి మీద కాపలా. నా ఫోను వాడి జేబులో ఉంది, నీ నంబరేమో నాకు నోటికి రాదు. కేకు దిగేలోపు ఇది అవగొట్టాలి. అక్షరాలు కోడి కెలికినట్టుంటే ఏమనుకోకు.

ముందు నువ్వడిగిన చిన్న సంగతులు చెబుతాను, పెద్దది రాయడానికి చెయ్యి రావడం లేదు. గేదె ఈనింది, పెయ్యదూడ. పత్తి రెండో తీత అయింది. కేకు పాకం చేదెక్కుతోందన్నావు. పంచదార నల్లబడి పొగ లేస్తుందే, అప్పుడు హడలిపోయి చన్నీళ్ళు కుమ్మరిస్తున్నావు నువ్వు. వేణ్ణీళ్ళు దూరంగా నిలబడి కొంచెం కొంచెంగా పొయ్యి. చిమ్ముతుంది, పొట్ట దగ్గరికి రానీకు. పళ్ళు నేనీసారి ద్రాక్షరసంలో నానేశాను.

ఇక ఆ పెద్ద ప్రశ్న. "అన్నయ్య మెసేజ్ పెట్టాడు, నాన్న మనసు మారిందట, నిజమేనా అమ్మా?" అని అడిగావు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

శనివారం పాస్టరు అయ్యగారు ప్రార్థనకి వచ్చారు. వసారాలో కుర్చీ వేశాం. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని పళ్ళు తరుగుతున్నాను. మంచినీళ్ళు కూడా తనంతట తాను ముంచుకోని మీ నాన్న వచ్చి నా పక్కన చతికిలబడి ఖర్జూరాల్లో గింజలు తీయడం మొదలెట్టాడు.

"ఎదుటివాడి కంట్లో నలుసు మనకి భలే కనబడుద్దండీ. మన కంట్లో దూలం ఉన్నా తెలీదు," అన్నారు అయ్యగారు. "తీర్పు తీర్చొద్దని ప్రభువు ఊరికే చెప్పాడా? ఆ అబ్బాయిది ఊరవతల పాలెం అయితే ఏం, మన సంఘం వాడేగా. పైగా పిల్ల ఒట్టి మనిషి కాదంట. పిలిపించుకోండి."

"తీర్పు తీర్చడానికి నేనెవర్నండీ అయ్యగారూ? అంతా ఆయనకే వదిలేశాను," అన్నాడు మీ నాన్న, గింజలు తీస్తూనే.

అయ్యగారు కళ్ళు తుడుచుకుని ప్రార్థన చేశారు. మీ నాన్న అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. ఆయన వెళ్ళాక నేను ఉండబట్టలేక, "మరి అల్లుడొస్తే ఏ గది సర్దమంటారు?" అని అడిగాను. మీ నాన్న తలెత్తి, "ఎవరు?" అన్నాడు. అంతే. చెయ్యి కడుక్కుని తోటకి వెళ్ళిపోయాడు. మీ పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ రోజు దాకా ఆయన నోట దయానిధి పేరు రాలేదు. చర్చిలో కుర్చీలు ఊరివాళ్ళవి ఒక పక్క, పాలెం వాళ్ళవి ఒక పక్క వేసుకుని, అందరం ఒకే ప్రభువు బల్ల దగ్గర మోకరిస్తాం. సిగ్గులేని జన్మలు మావి.

ఇంకోటి. బెన్నీ పిడుగురాళ్ల వెళ్ళి రాయి సున్నం బస్తాలు తెచ్చాడు, ఇంకా నీళ్ళు తగలని ఘాటు సున్నం. పండక్కి వెల్ల వేయడానికి కాబోలు అనుకున్నాను. కానీ మన ఇంటికి మొన్ననే రంగులు వేయించాం. పైగా ఆ బస్తాలు ఇంటికి రాలేదు, మిరప తోటలో మోటారు షెడ్డులో దించారు. షెడ్డు వెనకాల గొయ్యి తీయించారు. గొడ్డు చస్తే అలాంటి సున్నం పోసి పూడుస్తారు, మన గొడ్డేదీ చావలేదు. "ఎందుకురా?" అంటే, "నీకెందుకమ్మా, నీ పని చూసుకో," అన్నాడు మీ అన్న. పండగ ముందు రోజు తోటలోకి కూలీలెవర్నీ రావద్దన్నారు. కాపు మీదున్న తోటకి కూలీలు వద్దనే రైతుని ఎక్కడన్నా చూశావా?

ఆదివారం నేను గుడ్లు గిలకొడుతున్నాను. పెరట్లో వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు. "మీ చెల్లిని కారులో ఇంటికి తెచ్చెయ్. వాణ్ణి తోట చూపిస్తానని నేను తీసుకెళ్తా. ఇంక వాడు తిరిగి రోడ్డెక్కకూడదు," అన్నాడు మీ నాన్న. బెన్నీ గొంతు వణికింది. అయినా, "సరే నాన్నా," అన్నాడు.

నేను గిలకొట్టడం ఆపలేదు, ఆపితే విన్నానని తెలిసిపోతుంది.

స్టేషనుకి పోదామంటే ఏమని చెప్పను? సున్నం కొన్నారని చెప్పనా? అయ్యగారితో చెబితే ఆ మంచి మనిషి సాయంత్రానికల్లా వచ్చి మీ నాన్న ముందే ఆ సంగతి ఎత్తి ప్రార్థన చేస్తాడు. ఇందాక ఇక్కడ పాలెం ఎలీసమ్మ తన డబ్బా పట్టుకుని కూర్చుని ఉంది. మీ ఆదివారం బడి టీచరమ్మ, గుర్తుందిగా. మనసాగక అడిగాను.

"ఎలీసమ్మా, కట్టుకున్నవాడి గురించి చెడు తలవడం తీర్పు తీర్చడమేగా? పాపమేగా?"

ఆమె నా మొహం చూసి ఏం అర్థం చేసుకుందో. "తీర్పంటే శిక్ష వెయ్యడం అమ్మా. అది మన పని కాదు. అట్టాగని కళ్ళు మూసుకోమన్నాడా ప్రభువు? చెట్టు ఎట్టాంటిదో కాయని బట్టి తెలుసుకోమన్నదీ ఆయనేగా," అంది.

జానీబీ ట్రేలు తుడుస్తూ అందుకుంది. "నాకు మీ వాక్యాలు తెలీవక్కా. గుమ్మంలో పాముందని పిల్లకి చెప్తే పాము మీద తీర్పు చెప్పినట్టా?"

నేను పొరబడి ఉండొచ్చు షారూ. ఆ గొయ్యి నిజంగానే ఇంకో పనికేమో. అదే అయితే తాళి కట్టినవాణ్ణి హంతకుడని రాసిన పాపం నాది. మోస్తాను. ఆ రోజు వస్తే దేవుడికి నేనే జవాబు చెప్పుకుంటాను. నేను పొరబడకపోతే మాత్రం నీ బిడ్డకి తండ్రి ఉండడు.

ఇప్పుడే బెన్నీ లోపలికొచ్చాడు. కాగితం మైదా బస్తా కిందికి తోశాను. "ఎంతసేపమ్మా?" అన్నాడు. "మధ్యలో ఇంకా పచ్చిగా ఉంది బాబూ," అంది జానీబీ. కేకు ఎప్పుడో అయిపోయింది. అంచులు మాడుతున్నాయని బాషా లోపల్నించి సైగ చేస్తున్నాడు. మాడనీ అని నేను కళ్ళతోనే చెప్పాను. మీ అన్న గుమ్మం దాకా వెళ్ళి ఆగి, నా మొహం చూడకుండా, "చెల్లికి చెర్రీలిష్టం కదా, వేశావా?" అన్నాడు. వేశానురా అన్నాను.

వాణ్ణి అసహ్యించుకోలేకపోతున్నానే. వాడూ నా కడుపున పుట్టినవాడే. మీరు రాకపోతే వాడి చేతికి నెత్తురంటదు. నా ఇద్దరు పిల్లల కోసమూ రాస్తున్నానిది.

ఇక దాచిన మాట. సోమవారం ఫోన్ చేశానే, "నాన్న మారిపోయాడే, కేకు చేస్తున్నాను, పండక్కి అల్లుణ్ణి తీసుకుని రా, మొదటి పురుడు పుట్టింట్లోనే జరగాలి," అని. ఆ మాటలు నావి కావు. ముందురోజే వల్లె వేయించి, ఫోను పెట్టేసేదాకా మీ నాన్న నా పక్కనే నిలబడ్డాడు. కాదంటే నన్నీ బేకరీకి కూడా రానివ్వరు, నీకు చెప్పే దారే ఉండదు. అందుకే అన్నీ తెలిసీ పిలిచాను. మాట్లాడుతూ ఏడ్చేశాను. నువ్వది సంతోషమనుకుని, "ఊరుకో అమ్మా, వస్తున్నాగా," అన్నావు.

రావద్దు తల్లీ. పురుడు అక్కడే పోసుకో. నీకు నొప్పులొచ్చే వేళకి నేను పక్కన ఉండను, ఆ ఏడుపు నేను ఏడుస్తాలే. మీ ఫోన్ నంబరు మార్చేయండి. మీరుండే ఊరి పేరు ఎవరడిగినా చెప్పొద్దు, నేనూ ఈ కాగితం మీద రాయడం లేదు. కవరు మీద అడ్రసు జానీబీ రాస్తుంది. ఇది అల్లుడి చేత కూడా చదివించు. "మామయ్య రమ్మన్నాడు" అని వెర్రిబాగుల అబ్బాయి సంబరపడుతుంటాడు.

వీళ్ళు ఊరుకోరు. నా చేత మళ్ళీ ఏదో ఒకటి చెప్పిస్తారు. అమ్మకి బాగాలేదంటారు, మంచాన పడిందంటారు, నీ పేరే కలవరిస్తోందంటారు. నమ్మకు. నా గొంతే విన్నా నమ్మకు. నేను పోయానని కబురొచ్చినా, అది నిజమే అయినా, మట్టి వెయ్యడానికి కూడా ఈ ఊరు రాకు.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ