మోటారుసైకిల్ పందానికి ఎనిమిది చొక్కాలు

1987 జనవరి 12, సోమవారం

పొద్దున్నే తమ్ముడు శామేలు వచ్చాడు. టీ వద్దన్నాడు. వాడు టీ వద్దన్నాడంటే లోపల ఏదో ఉంది.

చివరికి చెప్పాడు. వాడు ఏటా పెట్టే మోటారుసైకిల్ పందాలకు మైదానం ఇచ్చే ఆఫీసరు తేల్చేశాడట. పోయిన ఏడులా ఈలలు వేసే పిల్లలు తప్ప ఎవరూ రాకపోతే, వచ్చే ఏడు మైదానం లేదు. కుటుంబాలు రావాలి. శని, ఆదివారాలు రెండు రోజులూ.

"అక్కా, ఏడాదంత మందివి బండ్లు బాగుజేస్త. నాకంటు ఉన్నయి గా రెండు దినాలే."

జనవరి 13

ప్రార్థనలో శామేలు పేరు చెప్పాను. పందెం కోసం అడగవచ్చా అని ఒక్క క్షణం ఆగాను... అడిగాను.

జనవరి 15, గురువారం

పోయిన ఏడు ఆడవాళ్లు ఎందుకు రాలేదని శామేలు నన్నే అడిగాడు. చెప్పాను. ఆదివారం పొద్దున పదింటికి పెడితే ఆరాధన మాని ఎవరొస్తారు? మిగతా ఇళ్లలో అది తలస్నానాలు, వంటల వేళ. నీడ లేదు, తాగడానికి నీళ్లు లేవు. పైగా ఆ దుమ్ములో ఎవరు ఎవరో తెలియదు. తెలియని మనిషి గెలిస్తే నాకేం, ఓడితే నాకేం?

అన్నీ సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకున్నాడు. సిగరెట్ సంగతి నేను చూడనట్టే ఉన్నాను.

జనవరి 19

ఆదివారం పందెం మధ్యాహ్నం రెండున్నరకు మారింది. ఆడవాళ్లకు షామియానా, కుండల్లో నీళ్లు. దుమ్ము అణచడానికి ట్యాంకరు. బండ్లు నడిపే ఎనిమిది మందీ బొగ్గుబాయిలో పనిచేసే మా పిల్లలే, ఒక్కో క్వార్టర్ల లైను నుంచి ఒక్కరు. లైనుకో రంగు పెడదాం, చొక్కాలు నేను కుడతానన్నాను. మా లైనుకు ఆకుపచ్చ. మావాడు పక్కింటి పోశవ్వ కొడుకు మల్లేశ్.

జనవరి 24

నాలుగు కుట్టాను. బాయిల ముప్పై ఏండ్లు జేస్తి, నాకొక్కటన్న కుట్టకపోతివి అన్నారు మా ఆయన. బండెక్కుండ్రి, కుడ్త అన్నాను. పేపరు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఫిబ్రవరి 4

ఎనిమిదీ పూర్తి. పసుపుది కొంచెం బిగుతు.

ఫిబ్రవరి 7, శనివారం

జనం వచ్చారు. షామియానా కింద చోటు లేదు. సంతోషంగా మొదలైంది...

దుమ్ము లేవకూడదని ట్యాంకరు రెండుసార్లు తిప్పించాడు శామేలు. మా నేల సంగతి ఇద్దరం మరిచాం. శ్రీరాంపూర్ మట్టిలో సగం బొగ్గే. బురద చింది రెండో చుట్టుకల్లా ఎనిమిది చొక్కాలూ నలుపు. ఎరుపు లేదు, పసుపు లేదు. ముఖాలూ లేవు. మైకు శామేలు చేతిలోనే ఉంది. "ముంగటున్నది... ముంగటున్నది..." అని ఆగిపోయాడు. మగవాళ్ల వైపు నుంచి ఒకడు, "మీ అవ్వను పిలువు, జెప్తది" అన్నాడు. నవ్వులు. కొందరు లేచి వెళ్లిపోయారు.

షామియానా కింద మాత్రం ఎవరూ లేవలేదు. పోశవ్వ చేయి చాపి చూపిస్తోంది.

"గా ముంగటోడు నా కొడుకే. మెడ జూడు, ఓ దిక్కు వంచిండు. వాళ్ల బాపు తీరే."

ఇంకొకామె, మోకాళ్లు అంత దూరం పెట్టి కూర్చునేది మా మరిది ఒక్కడే అంది. నాకూ తెలుస్తున్నారు, ఒక్కొక్కరూ. ఎందుకు తెలియదు? షిఫ్టు దిగినప్పుడు అందరూ నల్లగానే వస్తారు కదా. ముప్పై ఏళ్లు ఆయన్ని లైను చివరి నుంచే నడక చూసి పట్టుకున్నాను. ఒక్కనాడూ తప్పలేదు.

ఎప్పుడు వచ్చాడో, శామేలు మా వెనక నిలబడి వింటున్నాడు.

రేపు మైకు నేనే పట్టాలట. ఆయన అందుకున్నారు: "వంటింట్లకెళ్లి మీ అక్క పిలిస్తే నాకే ఇనబడది. ఊరికి ఇనబడ్తదా?"

ఫిబ్రవరి 8, ఆదివారం

పొద్దున ఆరాధనలో కీర్తన చదవడం నా వంతు. చదివాను. మధ్యాహ్నం అదే నోటితో పందెం... ప్రభువా, తప్పయితే నా గొంతు మూసేయి.

సాయంత్రం

మూయలేదు.

మొదట ఎవరికీ వినబడలేదు. గట్టిగా మాట్లాడడం నాకు రాదు. తర్వాత మగవాళ్లే ఒకరినొకరు ఊరుకోమన్నారు. ఇంట్లో చెప్పినట్టే చెప్పాను. ముంగట పోశవ్వ కొడుకు మల్లేశ్, ఎనుక ఫలానా ఆమె మరిది, దగ్గరికొస్తుండు... మలుపులో మల్లేశ్ బండి పక్కకు జారింది. "జర జూస్కో బిడ్డా" అన్నాను. అది మైకు కోసం కాదు, నోరు జారింది. మైదానమంతా నవ్వింది. ఆ తర్వాత ప్రతి మలుపులో అందరూ నాతో కలిసి అదే మాట.

ఒక్కసారి తప్పు పేరు చెప్పాను. బండి మీదున్న వాడే చేయి ఊపి కాదన్నాడు.

మల్లేశ్ మూడోవాడు. పోశవ్వ మొదటివాడికి కూడా నీళ్లిచ్చింది.

ఆఫీసరు భార్య కుర్చీ వదిలి మా చాప మీదకు వచ్చి కూర్చుంది, చివరిదాకా ఉంది. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. మైదానం సంగతి ఉత్తరం పంపిస్తానని శామేలుతో చెప్పి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 9

పాస్టరుగారు ఎదురయ్యారు. చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడారు. వెళ్తూ వెళ్తూ, గెలిచిందెవరమ్మా అన్నారు.

ఫిబ్రవరి 14

ఉత్తరం లేదు. చొక్కాలు మూడోసారి ఉతికాను. ఆకుపచ్చ కాస్త తేలింది.

మెట్‌పల్లి నుంచి ఇద్దరు వచ్చారు. అక్కడా పందెం పెడతారట, మైకుకు ఆడవాళ్లు కావాలట. మీ దగ్గర బొగ్గు లేదు కదా, మీ ఆడవాళ్లకు ఎట్లా తెలుస్తుందని అడిగాను. వాళ్లు నిజంగానే ఆలోచనలో పడ్డారు.

ఫిబ్రవరి 17

లేదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

గడప దగ్గర బియ్యం ఏరుతున్నాను. షిఫ్టు దిగే వేళ, దారి నిండా నల్లటి మనుషులు. వాళ్ల మధ్య ఒక్క తెల్ల చొక్కా. శామేలు. చేతిలో కవరు.

నడక చూసి మనిషిని చెప్పగలను. కబురు చెప్పగలనా... గబగబా వస్తున్నాడు. మెట్రిక్ పాసయిన రోజు ఇట్లాగే వచ్చాడు. అంతకు ముందు తప్పిన రోజూ ఇట్లాగే వచ్చాడు.

పొయ్యి మీద నీళ్లు పెట్టి ఇది రాస్తున్నాను. వాకిట్లో చెప్పుల చప్పుడు. కవరు గురించి అడగను. టీ తాగుతావా అని అడుగుతాను.